గెర్సౌకి పడవ మీదే వెళ్లండి

స్విట్జర్లాండ్ వచ్చిన మనవాళ్లు టిట్లిస్, యుంగ్‌ఫ్రావ్ మంచుకొండలు చూసి వెనక్కి వెళ్లిపోతుంటారు. ఒక్క రోజు మిగిలినా గెర్సౌ చూడమని చెబుతుంటాను. లూసర్న్ సరస్సు ఒడ్డున, రీగి కొండల దక్షిణపు వాలు కింద ఉన్న చిన్న ఊరు. 1390 నుంచి 1798 దాకా ఏ ప్రభువు కిందా లేకుండా తనను తానే ఏలుకుంది.

నేను మొదటిసారి బ్రున్నెన్‌లో రైలు దిగి బస్సులో వెళ్లాను. కాఫీ తాగి తిరిగొచ్చేశాను, ఊరు నాకేమీ అర్థం కాలేదు. రెండోసారి నాన్న వచ్చినప్పుడు లూసర్న్ నుంచి పడవ ఎక్కాం. అప్పుడే తెలిసింది, ఈ ఊరిని నీళ్ల మీంచే చూడాలని.

లూసర్న్ రైల్వే స్టేషన్ ఎదురుగానే రేవు ఉంది. స్విస్ ట్రావెల్ పాస్ ఉంటే వేరే టికెట్ అక్కర్లేదు. చలికాలంలో పడవలు తక్కువ, టైమ్ ముందే చూసుకోండి. ఎక్కాక ఎడమవైపు కూర్చోండి. వెగ్గిస్, విట్స్‌నావ్ దాటాక రెండు వైపుల నుంచీ కొండకొమ్ములు ముందుకొచ్చి సరస్సును ఇరుకు చేసేస్తాయి. వీటిని ఇక్కడివాళ్లు 'ముక్కులు' అంటారు. ఆ సందు దాటగానే నీళ్లు మళ్లీ విశాలమవుతాయి, కాసేపటికి ఎడమపక్క గెర్సౌ కనబడుతుంది. వెనక కొండ, ముందు నీళ్లు. 19వ శతాబ్దం రెండో సగం దాకా ఒడ్డు వెంట సరైన రోడ్డు కూడా లేదు.

నాన్న మండల ఆఫీసులో రెవెన్యూ పని చేసి రిటైరయ్యారు. పడవ దిగగానే ఆయన అడిగిన మొదటి మాట, "ఈ ఊరి పొలిమేర ఎక్కడ్రా?" మీరూ అక్కడే మొదలుపెట్టండి. స్విస్ ప్రభుత్వ సర్వే శాఖ యాప్, స్విస్‌టోపో, ఫోన్లో వేసుకోండి, ఉచితమే. పొలిమేర గీత వెంట వేలు జరుపుతూ పోతే అది రీగి హోఖ్‌ఫ్లూ శిఖరం వైపు ఎక్కి, ఇటు సరస్సులోకి దిగుతుంది. అదే శాఖ వెబ్‌సైట్లో 1844 నుంచి వచ్చిన పాత పటాలు కూడా ఉన్నాయి. ఏళ్లు వెనక్కి జరుపుతూ ఒడ్డు రోడ్డు ఎక్కడ మాయమవుతుందో వెతకండి. నాన్న దాంతోనే గంటసేపు బెంచీ మీద కూర్చుండిపోయారు.

ఇక చరిత్ర. 1332లో గెర్సౌ చుట్టుపక్కల 'అడవి ప్రాంతాలు' అనే చిన్న రాజ్యాలతో పొత్తు కుదుర్చుకుంది. ఊరిమీద హక్కులు అప్పట్లో లూసర్న్‌కి చెందిన ఫాన్ మోస్ కుటుంబం చేతిలో ఉండేవి. 1390లో ఊరివాళ్లే 690 పౌండ్ల ఫెనిగ్‌లు కట్టి ఆ హక్కులు కొనేసుకున్నారు. ఆనాటి లెక్కలో పౌండుకి 240 ఫెనిగ్‌లు, అంటే 1,65,600 నాణేల విలువ. చేపలు పట్టుకుని, పశువులు మేపుకుని బతికే జనం! 1433లో పవిత్ర రోమన్ సామ్రాజ్యపు సిగిస్మండ్ చక్రవర్తి ఆ స్వేచ్ఛను ఖాయం చేశాడు. 1798లో ఫ్రెంచి సైన్యాల రాకతో అది పోయింది, 1814లో తిరిగొచ్చింది, 1818 నుంచి ష్విజ్ రాష్ట్రంలో కలిసింది. ఇప్పటికీ ఈ ఊరు తనంతట తానే ఆ రాష్ట్రంలో ఒక జిల్లా కూడా.

రేవు దగ్గర్నుంచి సెయింట్ మార్సెల్లస్ చర్చి దాకా నడవండి, ఎక్కువ దూరం లేదు. ఇంత చిన్న ఊరికి అంత పెద్ద చర్చి, పెద్ద పెద్ద ఇళ్లు ఎక్కడివి అనిపిస్తుంది. 18వ శతాబ్దంలో ఇక్కడ పట్టు పరిశ్రమ బాగా సాగింది, ఆ డబ్బు ఆ గోడల్లో కనబడుతుంది. దక్షిణం ఎండ, సరస్సు వెచ్చదనం, కొండ దాటి వచ్చే 'ఫ్యోన్' అనే వేడిగాలి ఉండటంతో చలి కూడా కాస్త తక్కువే.

ఇంకా లోతుగా కావాలంటే స్విస్ చారిత్రక నిఘంటువు ఆన్‌లైన్‌లో ఉచితం, ప్రతి ఊరికీ ఒక వ్యాసం ఉంటుంది. జర్మన్ రాకపోతే ఫోన్లో అనువాదం పెట్టుకోండి. 'ఫెక్కెర్‌చిల్బి' గురించి తప్పక చదవండి. ఒకప్పుడు దేశదిమ్మరులు ఏటా గెర్సౌలో కలుసుకున్న జాతర అది.

తిరుగు ప్రయాణం బస్సులో చేసినా ఫరవాలేదు. వేసవి అయితే మాత్రం ఎదురొడ్డున ఉన్న బెకెన్‌రీడ్‌కి కార్ల ఫెర్రీ ఎక్కండి. సగం దూరం పోయాక వెనక్కి తిరిగి చూడండి. మేం తిరిగి చూసినప్పుడు నాన్న ఫోన్లో పొలిమేర గీత ఇంకా తెరిచే ఉంది. "ఇదిగో, ఇప్పుడు దాటాం" అన్నారు, నీళ్లు చూపిస్తూ.