గ్రీన్ జ్యూస్ ఎక్కడ తేడా కొడుతోంది?

తిరుపతి ఎస్వీ యూనివర్సిటీ గ్రౌండులో పొద్దున్నే నాతో నడిచేవాళ్లలో నలుగురు ఈమధ్య గ్రీన్ జ్యూస్ మొదలుపెట్టారు. ముగ్గురు వారం తిరక్కుండానే మానేశారు. ఒకరికి పసరు వాసన పడలేదు, ఒకరికి కడుపుబ్బరం, ఇంకొకరికి రంగు చూస్తేనే తాగబుద్ధి కాలేదట. ఒక గ్లాసుకి నేను వేసే లెక్క ఇది: గుప్పెడు పాలకూర, సగం కీర దోసకాయ, పది పుదీనా ఆకులు, గోరంత అల్లం ముక్క, అర నిమ్మచెక్క, ముప్పావు గ్లాసు చల్లటి నీళ్లు. అయినా తేడా వస్తే కింద చూడండి.

సమస్య: రాత్రి చేసి పెడితే తెల్లారేసరికి బురద రంగు

కారణం చాలాసార్లు నిమ్మరసమే. ఆకుకి పచ్చదనం ఇచ్చే క్లోరోఫిల్‌లో మెగ్నీషియం ఉంటుంది. పులుపు తగిలితే అది ఊడిపోయి రంగు చచ్చిపోతుంది. గోంగూర పొయ్యి మీద పెట్టిన కాసేపటికే పచ్చదనం పోయి ముదురు రంగుకి దిగుతుంది కదా, అదే సంగతి ఇక్కడా.

నిమ్మకాయ తాగే ముందు పిండుకోండి. రాత్రి జ్యూస్ చేసే బదులు ఆకులు కడిగి, తడి ఆరబెట్టి, డబ్బాలో వేసి ఫ్రిజ్‌లో పెట్టండి. పొద్దున మిక్సీ పని రెండు నిమిషాలే. యాపిల్ వేసేవాళ్లకి మాత్రం లెక్క తిరగబడుతుంది. కోసిన యాపిల్ గాలి తగిలి నల్లబడుతుంది, దాన్ని ఆపేది నిమ్మరసమే. అలాంటి జ్యూస్ చేసిన వెంటనే తాగేయాలి.

సమస్య: చేదు

మామూలు చేదైతే నిమ్మగింజలు మిక్సీలో నలిగి ఉంటాయి, లేదా కీర తొడిమ వైపు చేదుగా ఉండి ఉంటుంది. గింజలు తీసేయండి, తొడిమ వైపు అంగుళం ముక్క కోసి పారేయండి. కోసిన ముక్కతో రుద్ది నురగ తీస్తే చేదంతా పోతుందన్న నమ్మకం నాకైతే లేదు.

జ్యూస్‌లో సొరకాయ కూడా వేస్తే, దాని చేదు వేరు. కిందటి వేసవిలో తెచ్చిన కాయ నున్నగా, లేతగా ఉంది. ఒక్క గుక్కకే నాలుక మొద్దుబారేంత చేదు. సింకులో పారబోయబోతుంటే మా అమ్మ, "ఏంటికి పారబోస్తావు నాయనా, చెంచా తేనె కలిపితే పోదా?" అంది. పోదు. తేనె నాలుకని ఏమారుస్తుంది, అంతే. ఆ చేదుకి కారణం కుకుర్బిటాసిన్లు అనే విషపదార్థాలు. వాంతులు, విరేచనాలు, రక్తపు వాంతులు, బీపీ పడిపోవడం, ఇలా ముదిరి ప్రాణాలు పోయిన సందర్భాలూ మన దేశంలో ఉన్నాయి. చేదు సొరకాయ రసం తాగొద్దని ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) నిపుణులు కూడా హెచ్చరించారు. కోయగానే చిన్న ముక్క నాలుక చివర పెట్టి చూసి ఉమ్మేయండి. చేదుంటే కాయ మొత్తం చెత్తబుట్టలోకే. పొరపాటున తాగి వాంతులు మొదలైతే ఇంటి వైద్యం వద్దు, ఆసుపత్రికి వెళ్లండి.

సమస్య: పసరు వాసన, పైన నురగ

ఆకు ఎక్కువై, కాడలతో సహా వేస్తే పసరు కొడుతుంది. ఆకు తగ్గించి కీర పెంచండి, చిటికెడు వేయించిన జీలకర్ర పొడి వేయండి. నురగ మిక్సీ స్పీడుకి లోపలికి దూరిన గాలి. ఆపి ఆపి తిప్పండి, ఐదు నిమిషాలు ఆగి చెంచాతో తీసేయండి. మే నెలలో ఆగకుండా తిప్పితే జార్ వేడెక్కి జ్యూస్ గోరువెచ్చగా వస్తుంది. నాలుగు ఐసు ముక్కలు పడేస్తే సరి.

సమస్య: అడుగున ఇసుక

ఆకుల మీద కుళాయి వదిలితే పోదు. బేసిన్ నిండా నీళ్లలో ముంచి, కదిపి, ఆకుల్ని పైకి ఎత్తి తీయండి. నీళ్లు వంచితే అడుగున చేరిన మన్ను మళ్లీ ఆకులకే అంటుకుంటుంది.

సమస్య: కడుపుబ్బరం

అలవాటు లేని కడుపుకి మొదటిరోజే పెద్ద గ్లాసు పచ్చి ఆకు పోశారు. వారం పాటు అర గ్లాసుతో, నిదానంగా తాగండి.

సమస్య: తాగాక పళ్లు గరగర

పాలకూరలో ఉండే ఆక్సలేట్లు అనే పదార్థాల పని అది. మరిగే నీళ్లలో ఒక నిమిషం ఉంచి, ఆ నీళ్లు పారబోసి, చల్లటి నీళ్లలో వేసి వాడితే తగ్గుతుంది. ఇవి రాళ్లకీ దారితీయొచ్చు కాబట్టి కిడ్నీలో రాళ్లు వచ్చినవాళ్లు రోజూ పాలకూర జ్యూస్ జోలికి పోవద్దు, కీర, కొత్తిమీర చాలు. రక్తం గడ్డకట్టకుండా వార్ఫరిన్ మాత్రలు వాడేవాళ్లు మాత్రం ఏ ఆకు జ్యూసైనా రోజూ మొదలుపెట్టే ముందు డాక్టరుకి చెప్పాలి. ఆకుల్లోని విటమిన్ కె ఆ మందు పనిని తగ్గిస్తుంది.