ఇటాలియన్ మిఠాయిలు నేర్చుకుందాం – 4వ పాఠం: కన్నోలి గొట్టాలు

పోయిన పాఠంలో పల్చటి గుడ్డలో కట్టిన రికోటాను (కన్నోలి లోపల నింపే మెత్తటి ఇటాలియన్ చీజ్) ఫ్రిజ్‌లోనే ఉంచండి. ఈరోజు దాని జోలికి వెళ్లం. కన్నోలిలో కష్టమంతా పైనున్న కరకరలాడే గొట్టంలోనే ఉంది.

ఇది సిసిలీ ద్వీపం మిఠాయి. ఒక్కటైతే కన్నోలో, ఎక్కువైతే కన్నోలి. పూర్వం పిండిని రెల్లు ముక్కలకు చుట్టి వేయించేవారు. రెల్లును అక్కడ 'కన్నా' అంటారు, ఈ పేరు దాన్నుంచే వచ్చింది. ఇప్పుడు స్టీలు గొట్టాలు వాడుతున్నారు.

మైదా 250 గ్రాములు, చక్కెర 25, పంది కొవ్వు లేదా వెన్న 30, చెంచా కోకో, చిటికెడు ఉప్పు కలపండి. 70 మి.లీ. మార్సాలా (సిసిలీలో చేసే ఘాటైన వైన్), చెంచా వెనిగర్ కొద్దికొద్దిగా పోస్తూ పూరీ పిండి కన్నా గట్టిగా పిసకండి. వైన్ వాడనివాళ్లు నీళ్లు పోసి వెనిగర్ ఇంకో చెంచా పెంచండి. ఆ పరిమళం రాదు కానీ పని జరుగుతుంది. పులుపు వల్ల పిండి సాగడానికి మొరాయించదు. పదినిమిషాలు పిసికి, మూతపెట్టి గంటసేపు వదిలేయండి. ఈ గంట తగ్గించొద్దు.

ఇక అప్పడాల కర్ర. మందం ఒకటిన్నర మి.మీ. మించకూడదు. నా మొదటి వాయి నున్నగా, గట్టిగా వచ్చింది, ఒక్క బుడగ లేదు. మందంగా వత్తడమే కారణం. పల్చటి పిండిలో తేమ నూనె వేడికి ఆవిరై పొరను పైకి తంతుంది. కన్నోలి మీద కనిపించే ఆ బుడగలే మీరు సరిగ్గా చేశారనడానికి గుర్తు.

పది సెం.మీ. గుండ్రాలు కోసి, స్టీలు గొట్టానికి వదులుగా చుట్టండి. అంచు మీద అంచు వచ్చేచోట మాత్రమే గుడ్డు తెల్లసొన రాయండి. అది లోహానికి తగిలితే వేగిన పిండి గొట్టం ఊడిరాదు, లాగితే విరుగుతుంది. పొడిపిండి దులిపేయండి, లేకపోతే నూనెలో మాడుతుంది.

నూనె 175 డిగ్రీలు ఉండాలి. థర్మామీటర్ లేకపోతే చిన్న ముక్క వేసి చూడండి: వెంటనే తేలాలి, వెంటనే నల్లబడకూడదు. ముందు ఒక్కటే వేయించండి. రెండు నిమిషాల్లో ముదురు గోధుమరంగు వస్తుంది. చెయ్యి ఓర్చుకునేంత చల్లారాక పిండి గొట్టాన్ని మెల్లగా తిప్పుతూ స్టీలు గొట్టం నుంచి జారనివ్వండి. స్టీలు గొట్టం పూర్తిగా చల్లారాకే మళ్లీ పిండి చుట్టాలి. వేడిమీద చుడితే కొవ్వు కరిగి పిండి జారిపోతుంది.

గాలి చొరని డబ్బాలో దాచండి. రికోటా ఇప్పుడే నింపాలని మనసు లాగుతుంది, వద్దు. దాని తేమకు గొట్టం మెత్తబడుతుంది. సిసిలీలో మంచి దుకాణాలవాళ్లు మనం అడిగాకే నింపి ఇస్తారు. వచ్చే పాఠానికి మీ గొట్టాల్లో ఒకటి విరిచి చూసి ఉంచండి. లోపల పొరలు విడివిడిగా కనిపించకపోతే ఇంకా పల్చగా వత్తాలి.