జర్మనీలో మొదటి సెమిస్టర్: బెంగళూరు నుంచి వెళ్ళే మన పిల్లలకు

జర్మనీలో క్లాసుకు ఎందుకు రాలేదని మిమ్మల్ని ఎవరూ అడగరు. బెంగళూరు కాలేజీల్లో చదివిన మన పిల్లలకు ముందుగా అలవాటు కావాల్సింది ఇదే. ఇక్కడ వీటీయూలో, అంటే మన ఇంజనీరింగ్ కాలేజీలు ఉండే విశ్వేశ్వరయ్య టెక్నలాజికల్ యూనివర్సిటీలో, 85 శాతం అటెండెన్స్ అంటారు. ఇంటర్నల్స్‌లో తగ్గితే హెచ్‌ఓడీ పిలిచి మందలిస్తారు, ఇంకా తేడా వస్తే అనంతపురంలో ఉన్న నాన్నకు ఫోన్ వెళ్తుంది. వీటీయూ 2022 స్కీములో (సిలబస్‌లో) 100కి 50 మార్కులు కాలేజీ చేతిలోనే ఉంటాయి. అక్కడ చాలా సబ్జెక్టులకు సెమిస్టర్ చివర రాసే ఒక్క పరీక్షే అంతా. అక్టోబరు నుంచి ఫిబ్రవరి దాకా మిమ్మల్ని కదిలించే మనిషి ఉండడు. ఆ నిశ్శబ్దాన్ని చూసి అంతా బాగానే ఉందనుకోకండి.

నేను అక్కడ మెకానికల్‌లో ఎంఎస్ చేసి వచ్చాను, ఇప్పుడు మహదేవపురలో ఉంటున్నాను. ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో కేఆర్ పురం, మారతహళ్ళి పీజీల నుంచి పిల్లలు వచ్చి "అక్కా, కుక్కర్ మూడు లీటర్లది చాలా?" అని అడుగుతారు. చాలు. ఏపీఎస్ (మన సర్టిఫికెట్లను పరిశీలించి ఇచ్చే పత్రం), బ్లాక్డ్ అకౌంట్ (అక్కడి ఖర్చులకు ముందే డబ్బు వేసి ఉంచే ఖాతా), వీసా గురించి చెప్పేవాళ్ళు బోలెడుమంది ఉన్నారు. క్లాసు గురించి చెప్పేవాళ్ళు తక్కువ, కాబట్టి నేను అదే చెబుతాను.

విమానం ఎక్కేలోపే రెండు పీడీఎఫ్‌లు డౌన్‌లోడ్ చేసుకోండి. ఒకటి మీ కోర్సు మాడ్యూల్ హ్యాండ్‌బుక్, రెండోది పరీక్షల నిబంధనలు, అంటే ప్రూఫుంగ్స్‌ఆర్డ్‌నుంగ్. రెండేళ్ళ ఎంఎస్ అంటే 120 క్రెడిట్లు, సెమిస్టర్‌కు 30. ఒక్కో క్రెడిట్‌కు 25 నుంచి 30 గంటల చదువు అని లెక్క. ఆరు క్రెడిట్ల సబ్జెక్టుకు 150 గంటల పైమాటే. అందులో క్లాసులో కూర్చునేది సాధారణంగా మూడో వంతే. మిగతాదంతా మీరు ఒంటరిగా చేయాలి. ఆ గంటలను మొదటి వారమే క్యాలెండర్‌లో వేసుకోండి. ఫిబ్రవరిలో వాటిని తిరిగి తెచ్చుకోలేరు.

కోర్సు ఇంగ్లీషులోనే అయినా ఇందిరానగర్ గోతే ఇన్‌స్టిట్యూట్‌లోనో, ఇంకెక్కడైనా మంచి చోటో ఏ2 వరకు, అంటే రెండో మెట్టు దాకా, జర్మన్ నేర్చుకుని వెళ్ళండి. పరీక్షల ఆఫీసు మెయిళ్ళు తరచూ జర్మన్‌లోనే వస్తాయి. ఇంకో పని కూడా ఇక్కడే చేయొచ్చు. ఐసీటీఎస్ అనే బెంగళూరు సైన్సు పరిశోధన సంస్థ వాళ్ళు "కాపి విత్ క్యూరియాసిటీ" పేరుతో నెహ్రూ ప్లానెటేరియం లాంటి చోట్ల సైన్సు ఉపన్యాసాలు పెడుతుంటారు. ఎవరైనా వెళ్ళొచ్చు. వెళ్ళి చేత్తో నోట్స్ రాసుకోండి, చివర్లో లేచి ఒక ప్రశ్న అడగండి. మనకు బుర్ర లేక కాదు, నలుగురిలో నోరు విప్పే అలవాటు లేక వెనకబడతాం. ఆ బెరుకు ఊళ్ళోనే పోగొట్టుకుంటే మంచిది.

అక్కడికి వెళ్ళాక టైమ్‌టేబుల్‌లో "10 సి.టి." అని కనిపిస్తే క్లాసు 10:15కి మొదలవుతుంది. "ఎస్.టి." అని ఉంటే సరిగ్గా పదికే. లెక్చర్ అయ్యాక అందరూ వేళ్ళ కణుపులతో బల్లల మీద టకటకా కొడతారు. అది చప్పట్లకు బదులు, మీరూ కొట్టండి.

ఇక అసలు సంగతి యూబుంగ్. లెక్చర్‌లో ప్రొఫెసర్ థియరీ చెబితే, యూబుంగ్‌లో ఆయన దగ్గర పీహెచ్‌డీ చేసే అసిస్టెంట్ లెక్కలు చేయిస్తారు. ప్రశ్నల షీటు సాధారణంగా ముందుగానే మూడిల్‌లో, అంటే యూనివర్సిటీ ఆన్‌లైన్ క్లాసు సైటులో, పెడతారు. హాజరు వేయరు కాబట్టి మనవాళ్ళు చాలామంది మానేస్తారు, లేదా ఉత్త చేతులతో వెళ్ళి బోర్డు మీది జవాబు ఫోన్‌లో ఫోటో తీసుకుంటారు. నా మాట వినండి, పరీక్షలో వచ్చే లెక్కలు ఈ షీటు వాసనతోనే ఉంటాయి. ముందురోజు రాత్రి కూర్చుని షీటు మీరే చేయండి. పూర్తి కాకపోయినా పర్వాలేదు, ఆగిపోయిన చోట పెన్సిల్‌తో గీత గీయండి. క్లాసులో అసిస్టెంట్ ఆ గీత దగ్గరికి రాగానే చెయ్యెత్తి, "ఇక్కడ ఈ బౌండరీ కండిషనే ఎందుకు తీసుకున్నారు?" అని అడగండి. ఎదురు ప్రశ్న వేశారని ఎవరూ అనుకోరు. క్లాసు మధ్యలో కుదరకపోతే ప్రొఫెసర్ ష్‌ప్రెష్‌టుండేకు, అంటే విద్యార్థులను కలిసే సమయానికి, మెయిల్ పెట్టి వెళ్ళండి. "రెస్పెక్టెడ్ సర్" వద్దు, ఇంటిపేరుతో "డియర్ ప్రొఫెసర్ ఫలానా" అని రాసి, సంగతి నాలుగు వాక్యాల్లో చెప్పండి.

ఫ్లాట్‌లో మనవాళ్ళే ఉంటారు, మంచిదే. ఒంట్లో బాగాలేనప్పుడు చారు పెట్టి ఇచ్చేది వాళ్ళే. కానీ చదువుకునే గుంపులో ఒక్క జర్మన్ అయినా ఉండేలా చూసుకోండి. విద్యార్థి సంఘం, అంటే ఫాఖ్‌షాఫ్ట్, దగ్గర పాత ప్రశ్నపత్రాలు దొరుకుతాయని, ఏ ప్రొఫెసర్ ఏం అడుగుతారని ఆ జర్మన్ పిల్లలకు ముందే తెలుస్తుంది.

క్లాసుకు పేరు ఇచ్చినంత మాత్రాన పరీక్ష రాయలేరు. పరీక్షకు విడిగా, గడువులోపు, పోర్టల్‌లో నమోదు చేసుకోవాలి. వెనక్కి తీసుకోవడానికీ గడువు ఉంటుంది. సిద్ధంగా లేకపోతే ఆ గడువులోపే తప్పుకోండి. చాలా యూనివర్సిటీల్లో ఒక పరీక్షకు మూడు అవకాశాలే. మూడూ పోతే ఆ కోర్సు నుంచే బయటికి పంపుతారు. పరీక్ష రోజు జ్వరం వస్తే ఊరికే మానేయకండి, డాక్టరు సర్టిఫికెట్ వెంటనే పరీక్షల ఆఫీసుకు చేరాలి.

అక్కడ 1.0 అంటే అన్నిటికన్నా మంచి గ్రేడు, 4.0 వస్తే పాస్. ఫలితం వచ్చాక దిద్దిన పేపరు చూసుకునే రోజు ఒకటి ఉంటుంది, దాన్ని ఐన్‌జిష్ట్ అంటారు. పాసైనా వెళ్ళండి. నేను ఒకసారి వెళ్తే, పేజీ వెనక రాసిన స్టెప్పుకు మార్కు పడలేదని కనిపించింది. అసిస్టెంట్‌కు చూపించాను. ఆయన చదివి, అక్కడికక్కడే మార్కు కలిపి సంతకం పెట్టారు. బతిమాలాల్సిన పని లేదు, వాదించాల్సిన పనీ లేదు, చూపిస్తే చాలు.

పార్ట్‌టైమ్ పని విషయంలో నేను గట్టిగానే చెబుతాను. లోను టెన్షన్ నాకు తెలుసు. అయినా మొదటి సెమిస్టర్‌లో గోడౌన్ నైట్ షిఫ్టులు పెట్టుకోకండి. తెల్లవారి ఎనిమిదింటి యూబుంగ్‌కు లేవలేరు.

ఇంట్లోవాళ్ళకు ఒక సంగతి చెప్పి వెళ్ళండి. మనకూ అక్కడికీ తేడా మూడున్నర గంటలు. అక్టోబరు చివరి ఆదివారం అక్కడ గడియారాలు గంట వెనక్కి తిప్పుతారు, తేడా నాలుగున్నర అవుతుంది. అంటే అమ్మ మధ్యాహ్నం భోంచేసి రెండున్నరకు ఫోన్ చేస్తే మీకు ఉదయం పది, క్లాసుకు వెళ్ళే వేళ. రాత్రి తొమ్మిదింటికి చేయమనండి. అప్పటికి మీకు సాయంత్రం నాలుగున్నర, లైబ్రరీ నుంచి కాసేపు బయటికొచ్చి మాట్లాడొచ్చు.