మొండికేసిన టర్కీ పుంజుని కూతతో దగ్గరికి రప్పించడం ఎలా? (వేటకి కొత్తవాళ్ల కోసం)

అమెరికాలో స్ప్రింగ్ టర్కీ సీజన్ అంటే దాదాపు అన్ని చోట్లా పుంజుల సీజనే, మనం పెట్టలాగా కూయాలి, అది నమ్మి రావాలి, ఆటంతా ఇంతే. చిక్కేంటంటే మామూలుగా జరిగేది దీనికి రివర్స్, పుంజు ఒకచోట నిలబడి కూస్తుంది, పెట్టలే దాని దగ్గరికి నడిచి వెళ్తాయి. అందుకే అది 80 గజాల దూరంలో ఆగిపోయి, తోక విప్పుకుని నువ్వే రా అన్నట్టు అక్కడే తిరుగుతుంటే తప్పు దానిది కాదు, దాని పద్ధతే అంత.

ముందు కాగితాల సంగతి. టెక్సస్‌లో అయితే 1971 సెప్టెంబర్ 2న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్లు హంటర్ ఎడ్యుకేషన్ కోర్స్ చెయ్యాలి, మిగతా రాష్ట్రాల్లోనూ ఇలాంటివి ఉంటాయి, మీ రాష్ట్రం వైల్డ్‌లైఫ్ డిపార్ట్‌మెంట్ సైట్‌లో చూసుకోండి. మనవాళ్లకి ఇంకోటి ముఖ్యం, హెచ్1బీ, ఎఫ్1 లాంటి వీసాల మీద ఉన్నవాళ్లు ఫెడరల్ చట్టం ప్రకారం మామూలుగా తుపాకీ దగ్గర పెట్టుకోకూడదు, చెల్లుబాటులో ఉన్న హంటింగ్ లైసెన్స్ ఉంటే మినహాయింపు ఉంది, అయినా సరే లాయర్ని అడిగాకే ముందుకెళ్లండి. ఫ్రెండ్ గన్నే కదా కాసేపు పట్టుకుంటే ఏమౌతుందిలే అనుకోవద్దు.

ముందురోజు సాయంత్రం పొద్దుగూకే టైమ్‌కి వెళ్లి గుడ్లగూబలాగా గానీ కాకిలాగా గానీ కూయండి, పుంజులు ఉలిక్కిపడి తిరిగి కూస్తాయి, ఏ చెట్టు మీద పడుకున్నాయో తెలిసిపోతుంది. పొద్దున చీకటితోనే వెళ్లి ఆ చెట్టుకి ఓ 150 గజాల అవతల కూర్చోండి, మరీ దగ్గరికెళ్తే చూసేస్తాయి. టర్కీకి వాసన పెద్దగా తెలీదు గానీ కళ్లు మాత్రం మహా డేంజర్.

అసలు విషయం కూర్చునే చోటు. కొత్తవాళ్లు కాల్స్ (పెట్టలాగా కూత తెప్పించే పరికరాలు) మీద డబ్బులు తగలేస్తారు గానీ నన్నడిగితే ముప్పావు వంతు పని కూర్చున్న చోటే చేస్తుంది. ఖాళీ మైదానం ఎదురుగా కూర్చున్నారనుకోండి, పుంజు దూరం నుంచే చూస్తుంది, కూత వచ్చిన చోట పెట్ట కనపడదు, ఇంక అక్కడే ఆగిపోతుంది. అదే దారి మలుపు దగ్గరో, చిన్న గట్టు వెనకో కూర్చుంటే పెట్ట ఎక్కడుందో చూడాలంటే మలుపు తిరిగి రావాల్సిందే, వచ్చేసరికి 30 గజాల్లో ఉంటుంది. మీకూ దానికీ మధ్య వాగు, కంచె లాంటివి లేకుండా చూసుకోండి, దాటగలిగి కూడా దాటకుండా మొండికేస్తుంది.

కాల్ విషయానికొస్తే మొదట్లో స్లేట్ కాల్ (చిన్న గుండ్రటి పలక మీద పుల్లతో రుద్దేది) చాలు, లేదంటే బాక్స్ కాల్ (చిన్న చెక్క పెట్టె మీద మూతని రుద్దేది). స్లేట్ మీద పుల్లని పెన్నులాగా పట్టుకుని, కొస పైకి లేపకుండా రూపాయి బిళ్లకంటే చిన్న సున్నాలు చుట్టండి, ఒక్కో సున్నాకి ఒక్కో కూత, ముందు సన్నగా మొదలై కిందికి విరగాలి. అలా ఐదారు కూతలు, ఆపెయ్యండి. పుంజు తిరిగి కూసింది కదా అని ఉత్సాహంగా మళ్లీ మళ్లీ వాయిస్తే పెట్ట తనకోసం తెగ తహతహలాడుతోంది, అదే వస్తుందిలే అనుకుని ఆగిపోతుంది.

మొండికేసిందా, నోరు మూసుకోండి. పావుగంట, అవసరమైతే అరగంట. మధ్యలో చేత్తో ఎండుటాకులు గీకండి, ఒకసారి గీకి, ఆగి, గబగబా రెండుసార్లు, మేత కోసం పెట్ట కెలికినట్టు. చాలా పుంజులకి కూతకంటే ఇదే నమ్మకం. ఇద్దరుంటే ఇంకా నయం, తుపాకీ ఉన్నవాళ్లు ముందు, కూసేవాళ్లు 40, 50 గజాలు వెనక కూర్చుని నెమ్మదిగా ఇంకా వెనక్కి జరుగుతూ కూయాలి, పెట్ట వెళ్లిపోతోందని పుంజు కదులుతుంది. కూతలు ఆగిపోయాయని లేచి నిలబడొద్దు, చప్పుడు చెయ్యకుండా వచ్చేవి బోలెడు.

దానితో నిజం పెట్టలుంటే పొద్దున్నే మీ వల్ల కాదు, వదిలేసి తొమ్మిది, పదింటికి మళ్లీ రండి, పెట్టలు గూళ్లకి వెళ్లిపోయి పుంజు ఒంటరిగా ఉంటుంది. కొన్ని రాష్ట్రాల్లో మధ్యాహ్నానికే వేట ఆపాలి, అది చూసుకోండి.

సేఫ్టీలో బేరాల్లేవు. ఎరుపు, తెలుపు, నీలం ఒంటి మీద ఉండకూడదు, పుంజు తల రంగులు అవే. మీ భుజాలకంటే లావు చెట్టుకి వీపు ఆనించండి. కూత వినపడిన వైపు నక్కుతూ వెళ్లొద్దు, అక్కడ కూస్తున్నది ఇంకో వేటగాడైనా కావచ్చు. మనిషి కనపడితే చెయ్యి ఊపకుండా గట్టిగా అరవండి.

40 గజాల లోపు వచ్చి, మెడ చాచి తల పైకెత్తినప్పుడు మాత్రమే, తలకీ మెడకీ గురిపెట్టి కొట్టండి. తోక విప్పుకుని ఉన్నప్పుడు మెడ ముడుచుకుని ఉంటుంది, అప్పుడు కాల్‌తో మెల్లగా ఒక్కసారి క్లక్‌మని పొట్టి కూత వినిపిస్తే తల లేపుతుంది. ఏడాది లోపు కుర్ర పుంజుల తోకలో మధ్య ఈకలు మాత్రమే పొడుగ్గా ఉంటాయి, వాటిని వదిలెయ్యడం నా అలవాటు, మీ ఇష్టం. పడ్డాక ఫొటోలకంటే ముందు ట్యాగ్ (కొట్టిన పక్షిని లెక్కలో చూపించే చీటీ) సంగతి చూడండి.