చుంచెలుక పిండంలో మెదడు, వెన్నుపాము ఎదుగుదల: ప్రయోగశాల సమస్యలు, పరిష్కారాలు

గర్భం నుంచి తీసిన చుంచెలుక పిండంలో నాడీ నాళం తెరుచుకొని కనిపించినా, మెదడు గోడ పలచగా ఉన్నా, ముందుగా అనుమానించవలసింది జన్యువును కాదు, పిండం వయసును. మెదడుకూ వెన్నుపాముకూ మూలమైన నాడీ ఫలకం మడతపడి నాళంగా మూసుకోవడం చుంచెలుకలో గర్భం దాల్చిన సుమారు 8.5వ రోజున మొదలై 10.5వ రోజుకల్లా పూర్తవుతుంది. ఇంత వేగంగా సాగే పనిలో కొన్ని గంటల వెనుకబాటు కూడా లోపంలాగే కనబడుతుంది. వయసు తప్పుగా లెక్కిస్తే ఆ ప్రయోగంలో పోయిన ప్రాణాలన్నీ వృథా అయినట్టే కనుక, దీన్ని చిన్న విషయంగా తీసుకోకూడదు.

సమస్య: ఒకే ఈతలోని పిండాలు వేర్వేరు దశల్లో ఉన్నాయి

రాత్రి జతకట్టించి, తెల్లవారి యోనిలో ప్లగ్ (మగదాని వీర్యం గడ్డకట్టిన బిరడా) కనబడితే ఆ మధ్యాహ్నాన్ని 0.5వ రోజుగా లెక్కించడం ఆనవాయితీ. అయితే జతకట్టిన గంట మనకు తెలియదు. ఫలదీకరణం, గర్భాశయంలో అంటుకోవడం అన్ని పిండాలకూ ఒకేసారి జరగవు. అందువల్ల ఒకే తల్లి కడుపులోని పిండాల మధ్య కూడా కొన్ని గంటల తేడా సహజంగానే ఉంటుంది. ఎలుకల (ర్యాట్‌ల) విషయంలో మరో చిక్కుంది: శుక్రకణాలు కనబడిన రోజును కొన్ని ప్రయోగశాలలు సున్నాగా, కొన్ని ఒకటిగా లెక్కిస్తాయి. ఆ సంగతి చూడకుండా రెండు పరిశోధనల ఫలితాలను పోల్చితే పూర్తిగా ఒక రోజు తేడా వస్తుంది. పైగా గర్భం నడిమి దశలో ఎలుక పిండం చుంచెలుక పిండం కంటే సుమారు ఒకటిన్నర నుంచి రెండు రోజులు వెనుక ఉంటుంది.

పరిష్కారం సోమైట్లను, అంటే వీపు పొడవునా జతలుగా వరుసలో ఏర్పడే కణజాలపు దిమ్మెలను లెక్కించడమే. పిండాన్ని చల్లని బఫర్‌లో ఉంచి, స్టీరియో మైక్రోస్కోప్ కింద వెలుతురు ఏటవాలుగా పడేలా సర్దితే, వీపు పొడవునా సోమైట్ల మధ్య గీతలు నీడలతో స్పష్టంగా తేలుతాయి. తల వైపున్న మొదటి సోమైట్లు వయసుతో పాటు చెదిరిపోతాయి కనుక, ముందు కాలి మొగ్గ వెనుక అంచు దగ్గరున్నదాన్ని ఆనవాలుగా పెట్టుకొని, ప్రతి పిండంలోనూ అక్కడి నుంచే లెక్కించాలి. తల వైపువాటితో కలిపి మొత్తంగా 9.5వ రోజు పిండంలో 21 నుంచి 29, 10.5వ రోజు పిండంలో 35 నుంచి 39 సోమైట్లు ఉండాలి. ఆ తరువాతి దశల్లో లెక్క కష్టమవుతుంది కాబట్టి కాళ్ల ఆకారాన్ని చూడాలి: 12.5వ రోజున ముందరి పాదపు పలకపై వేళ్ల గుర్తులు మొదలవుతాయి, 14.5 నాటికి వేళ్లు విడిపోతూ ఉంటాయి. కంటిలోని నల్లరంగు కూడా ఒక గుర్తే, కానీ తెల్ల చుంచెలుకల్లో అది అసలు రాదు.

సమస్య: నాడీ నాళం మూసుకోలేదు

తెరుచుకున్న చోటును బట్టి కారణం మారుతుంది. వెనుక మెదడు నుంచి తోక దాకా వెన్ను మొత్తం తెరుచుకొని ఉంటే, సుమారు ఆరేడు సోమైట్ల దశలో వెనుక మెదడు, మెడ కలిసే చోట జరగవలసిన మొదటి మూసివేత జరగలేదని అర్థం. లూప్‌టెయిల్ అనే రకంలో వ్యాంగిల్2 జన్యువు రెండు ప్రతులూ చెడినప్పుడు ఇదే కనబడుతుంది. తల భాగం మాత్రమే తెరుచుకొని మెదడు బయటికి పొంగి ఉంటే అది ఎక్సెన్సెఫాలీ. నడుము కింద మాత్రమే తెరుచుకొని ఉంటే స్పైనా బైఫిడా. అయితే వెనుక నాడీ రంధ్రం (నాళం తోక వైపు చివర చివరిగా మూసుకునే చోటు) సుమారు 30 సోమైట్ల దాకా సహజంగానే తెరుచుకొని ఉంటుంది. 25 సోమైట్ల పిండంలో దాన్ని చూసి లోపమని రాసేయడం తరచుగా జరిగే పొరపాటు. నిర్ధారణకు 11.5వ రోజు దాటిన పిండాలనే చూడాలి.

జన్యువులో లోపం లేకపోయినా ఇది రావచ్చు. 8వ రోజు ప్రాంతంలో తల్లికి వాల్ప్రోయిక్ ఆమ్లం (మూర్ఛ మందు) ఇచ్చినా, ఆమె ఒంటి వేడి బాగా పెరిగినా తల భాగం మూసుకోదు. పిండాన్ని గర్భం బయట, సీసాల్లో పెంచుతున్నట్లయితే ఆక్సిజన్‌ను పరీక్షించండి. తొలి దశలో 5 శాతం చాలు, 9.5వ రోజు దాటాకే క్రమంగా పెంచాలి. మొదట్లోనే ఎక్కువైతే నాడీ మడతలు కలవవు.

ఫోలిక్ ఆమ్లం అన్నిటికీ మందు కాదని కూడా గమనించాలి. పాక్స్3 జన్యువులో లోపమున్న స్ప్లాచ్ రకం చుంచెలుకల్లో అది లోపాలను తగ్గిస్తుంది. కర్లీటెయిల్ రకంలో మాత్రం పనిచేయదు, అక్కడ ఇనోసిటాల్ పనిచేస్తుంది.

సమస్య: పిండ దశలో కనిపించిన లోపం పుట్టిన పిల్లల్లో కనిపించడం లేదు

లోపమున్న పిల్లలను అవి పుట్టగానే తల్లి తరచుగా తినేస్తుంది. కాబట్టి పుట్టిన పిల్లలను లెక్కించి నిర్ణయానికి రాకూడదు. 18.5వ రోజున శస్త్రచికిత్సతో బయటికి తీసి, గర్భాశయంలో కరిగిపోయిన పిండాల మచ్చలతో సహా లెక్కించాలి. అప్పటికి బయటపడ్డ మెదడు చాలావరకు నశించి ఉంటుంది కనుక, 13.5వ రోజు పిండాలను కూడా చూడటం అవసరం.

సమస్య: కార్టెక్స్‌లో గుర్తుపెట్టిన న్యూరాన్లు ఊహించని పొరలో ఉన్నాయి

చుంచెలుక కార్టెక్స్‌లో (మెదడు పై పొరలో) ముందు పుట్టిన న్యూరాన్లు లోతు పొరల్లో నిలిస్తే, తరువాత పుట్టినవి వాటిని దాటుకొని పైకి చేరతాయి. 12.5వ రోజున బీఆర్‌డీయూ (విభజనకు సిద్ధమవుతున్న కణాల డీఎన్ఏలో చేరి గుర్తుగా నిలిచే రసాయనం) ఇస్తే లోతు పొరలు, 15.5వ రోజున ఇస్తే పై పొరలు గుర్తు పట్టాలి. ఈ వరుస నిజంగా తలకిందులైతే న్యూరాన్లను సరైన పొరకు చేర్చే రీలిన్ ప్రోటీన్ మార్గాన్ని అనుమానించవలసిందే. కానీ అంతకంటే ముందు చూడవలసినది పోల్చిన చోటు. కార్టెక్స్‌లో ముందు, పక్క భాగాలు ముందుగా ఎదుగుతాయి, వెనుక, మధ్య భాగాలు వెనుకబడతాయి. ఒక మెదడులో పక్క భాగాన్నీ మరో మెదడులో మధ్య భాగాన్నీ చూస్తే ఏ లోపం లేకున్నా తేడా వస్తుంది. సెక్షన్ (మెదడును కోసిన పలుచని ముక్క) ఏటవాలుగా పడినా ఇంతే, రెండు కళ్లూ ఒకే పరిమాణంలో కనబడుతున్నాయో లేదో చూస్తే అది తేలిపోతుంది.

గుర్తు అసలే రాకపోతే, బీఆర్‌డీయూకు హైడ్రోక్లోరిక్ ఆమ్లంతో డీఎన్ఏ పోగులను విడదీయాలన్న సంగతి మరిచిపోలేదు కదా అని చూసుకోండి. ఆ ఆమ్లం ఇతర యాంటీబాడీలు పట్టుకునే ప్రోటీన్లను చెడగొడుతుంటే ఆమ్లం అవసరం లేని ఈడీయూ అనే గుర్తుకు మారడం మంచిది.

సమస్య: వెన్నుపాములో కడుపు వైపు గుర్తులు కనబడటం లేదు

కడుపు వైపు కణాల్లో ఉండవలసిన ఎన్‌కేఎక్స్2.2, ఒలిగ్2 ప్రోటీన్లు లేకపోతే, నోటోకార్డ్ (నాడీ నాళం కింద ఉండే కడ్డీ), ఫ్లోర్ ప్లేట్ (నాళం అడుగు భాగం) విడుదల చేసే సోనిక్ హెడ్జ్‌హాగ్ అనే సంకేత ప్రోటీన్ అందలేదని వెంటనే తేల్చకండి. వెన్నుపాము తల నుంచి తోక వైపుగా ఎదుగుతుంది. ముందు కాళ్ల మట్టంలో కనిపించే కణాలు వెనుక కాళ్ల మట్టంలో ఇంకా రాకపోవచ్చు. కాలి మొగ్గను ఆధారంగా తీసుకొని ఒకే మట్టంలోని సెక్షన్లను పోల్చాక, పక్క సెక్షన్‌లో పాక్స్7 ప్రోటీన్‌కు కూడా రంగు వేయండి. వీపు వైపు ఉండవలసిన పాక్స్7 కడుపు వైపుకు పాకి ఉంటే సంకేతం నిజంగానే తగ్గింది. పాక్స్7 కూడా ఎక్కడా లేకపోతే లోపం పిండానిది కాదు, రంగు వేసిన విధానానిది. అలాంటప్పుడు ఫిక్సేషన్ (కణజాలాన్ని రసాయనంతో చెడకుండా నిలపడం) ఎంతసేపు సాగిందో చూసి, ఎక్కువైందనిపిస్తే సిట్రేట్ బఫర్‌లో వేడిచేసి మళ్లీ రంగు వేయాలి.