కూడికలు చకచకా చేసేసే పిల్లలకి ఓ త్రిభుజం

రెండో తరగతి పిల్లలు కూడికలన్నీ ముందే ముగించి ఖాళీగా కూర్చుంటే, ఇంకా పెద్ద సంఖ్యలిచ్చి లాభం లేదు. కాగితం మీద త్రిభుజం గీయండి. మూలల్లో మూడు, భుజాల మధ్యలో మూడు చిన్న వృత్తాలు. 1 నుంచి 6 వరకు ఒక్కో అంకె ఒక్కసారే వాడి, ప్రతి భుజం మొత్తం 9 చేయాలి. అంకెల్ని చీటీల మీద రాసిస్తే అటూ ఇటూ జరుపుకుంటారు, రబ్బరు గొడవ ఉండదు.

అది వచ్చాక 10, 11, 12 అడగండి. అన్నీ కుదురుతాయి. అసలు మజా ఆ తర్వాతే: 8 ఎందుకు రాదు? 13 ఎందుకు రాదు? మూలలో అంకె రెండు భుజాల్లోనూ లెక్కకొస్తుందని వాళ్లే పట్టుకోవాలి, మీరు నోరు జారకండి. (మీకు మాత్రం: మూలల్లో 9కి 1, 2, 3, 10కి 1, 3, 5, 11కి 2, 4, 6, 12కి 4, 5, 6.)