రుణమాఫీ హామీకి జవాబు రాబట్టడం – మూడవ పాఠం: జీవోను చదవడం

ఎన్నికల ప్రణాళికలోని మాటను ఉన్నదున్నట్టు రాసిపెట్టుకోవడం, బ్యాంకు నుంచి అప్పు ఖాతా స్టేట్‌మెంటు తీసుకోవడం గత రెండు పాఠాల్లో నేర్చుకున్నాం. ఆ రెండింటి నడుమ ఉండేది ప్రభుత్వ ఉత్తర్వు, అంటే జీవో. మాఫీ కాలేదని సభలో నిలదీయడం అవసరమే గాని, ఇచ్చిన మాట ఉత్తర్వులోని ఏ వాక్యం దగ్గర కుదించుకుపోయిందో చూపగలిగితేనే పాలకులకు తప్పించుకునే దారి ఉండదు.

2013లో సుబ్రమణ్యం బాలాజీ కేసులో సుప్రీంకోర్టు, మేనిఫెస్టో వాగ్దానాలు ప్రజాప్రాతినిధ్య చట్టం 123వ సెక్షన్ కింద అవినీతి చర్యలు కావని తీర్పు చెప్పింది. కాబట్టి మన పట్టు మేనిఫెస్టో మీద కన్నా, ప్రభుత్వమే సంతకం చేసిన జీవో మీద ఉండాలి.

జీవోలో మొదట గడువు తేదీలు చూడండి. అవి సాధారణంగా స్పష్టంగానే ఉంటాయి. అసలు మెలిక ‘కుటుంబం’ అన్న నిర్వచనంలో ఉంటుంది. తెలంగాణలో 2022 మే నెలలో వరంగల్ సభలో కాంగ్రెస్ ప్రకటించిన హామీ, ఒకేసారి రెండు లక్షల రూపాయల రుణమాఫీ. 2024 జూలై 15న వెలువడిన ఉత్తర్వు మాత్రం 2018 డిసెంబరు 12 నుంచి 2023 డిసెంబరు 9 వరకు తీసుకున్న, లేదా రెన్యువల్ చేసుకున్న పంట రుణాలకు, కుటుంబానికి రెండు లక్షల పరిమితి పెట్టింది. కుటుంబాన్ని గుర్తించడానికి రేషన్ కార్డు సమాచారాన్ని ఆధారం చేసుకుంది. ఒక ఇంట్లో భర్త పేర 1,40,000, భార్య పేర 1,10,000 బాకీ ఉందనుకోండి. విడివిడిగా ఇద్దరూ పరిమితి లోపలే ఉన్నారు. కలిపితే 2,50,000 అవుతుంది గనుక ముందు 50,000 రూపాయలు వాళ్లే బ్యాంకులో కట్టాలి. చేతిలో డబ్బు లేని కుటుంబానికి మాఫీ అక్కడే ఆగిపోతుంది. మొదట 31,000 కోట్లు కావాలన్న ప్రభుత్వం, నాలుగు విడతల్లో ఇచ్చినట్టు చెప్పింది సుమారు 20,600 కోట్లు. ఈ తేడా అంతా మోసమని తేల్చెయ్యకండి; ఏ నిబంధన వల్ల ఎన్ని ఖాతాలు తప్పాయో అడగండి.

తర్వాత విడతలు. ఆంధ్రప్రదేశ్‌లో 2014 నాటి తెలుగుదేశం ప్రభుత్వం కుటుంబానికి లక్షన్నర పరిమితితో, యాభై వేల లోపు బాకీలను ఒకేసారి, ఆపైన ఉన్నవాటిని ఐదు విడతల్లో, పది శాతం వడ్డీతో తీరుస్తామన్నది. 2019లో ప్రభుత్వం మారేనాటికి చివరి విడతలు రైతులందరికీ పూర్తిగా చేరలేదు. ఆ చెల్లింపులకిచ్చిన ఉత్తర్వును తర్వాత వచ్చిన వైఎస్సార్ కాంగ్రెస్ ప్రభుత్వం రద్దు చేసింది. విడతలు ఐదేళ్ల పదవీకాలపు అంచు దాకా సాగినప్పుడు జవాబుదారీ ఇద్దరి మధ్యా జారిపోతుందని, నష్టపోయేది రైతేనని ఈ ఉదంతం చెబుతుంది. ఇందులో ఇరువురినీ అడగవలసిందే.

ఏ జీవోలోనూ కనిపించని నష్టం మరొకటి ఉంది. ఏడు శాతం వడ్డీ ఉన్న పంట రుణాన్ని గడువులోగా కట్టిన రైతుకు కేంద్రం మూడు శాతం రాయితీ ఇస్తుంది. మాఫీ వస్తుందని ఎదురుచూసి గడువు దాటించినవాడు, రెండు లక్షల మీద ఏడాదికి 6,000 రూపాయల రాయితీని కోల్పోతాడు. మీ లెక్కలో దీన్ని విడిగా రాయండి.

ఇక సమాచార హక్కు దరఖాస్తు. ‘మాఫీ ఎందుకు కాలేదు’ అని రాస్తే అధికారి దాన్ని పక్కన పెట్టగలడు, ఎందుకంటే చట్టం ఇచ్చేది రికార్డులను, సంజాయిషీలను కాదు. ‘మా మండలం నుంచి బ్యాంకులు పంపిన ఖాతాల సంఖ్య, సొమ్ము జమ అయినవి, తిరస్కరించినవి, తిరస్కరణకు నమోదు చేసిన కారణాల వారీ పట్టిక ప్రతి’ అని అడగండి. ముప్పై రోజుల్లో జవాబు రాకపోతే, ఆ తర్వాతి ముప్పై రోజుల్లో మొదటి అప్పీలు వేయాలి.

అభ్యాసం: మీ ఊరికి వర్తించే జీవో తెచ్చుకుని, మేనిఫెస్టోలో లేని ప్రతి షరతు కింద గీత గీయండి. బడ్జెట్‌లో కేటాయింపును, అసలు ఖర్చును పోల్చడం నాలుగవ పాఠంలో.